అక్క రాయించిన వీలునామా

పోయిన నెల మిర్యాలగూడలో మా దూరపు బంధువు ఒకాయన చనిపోతే దినానికి వెళ్లాను. భోజనాలయ్యాక నలుగురు పెద్దమనుషులు వసారాలో కుర్చీలు దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. "ఏమన్న రాసిపెట్టి పోయిండా?" అని ఒకాయన అడిగాడు. పక్కాయన లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. అది చూడగానే నాకు అక్క గుర్తొచ్చింది. ఆమే గనక అక్కడ ఉంటే నేరుగా ఆ నలుగురి మధ్యకు వెళ్లి, ఆయన బాగున్న రోజుల్లో మీలో ఒక్కరైనా ఆ మాట అడిగారా అని నిలదీసేది. నిలదీసి, మళ్లీ తనే వాళ్లకు మంచినీళ్లు తెచ్చిచ్చేది.

ఆమె పోయి మూడేళ్లయింది. పేరు రాయడం లేదు. రాసినా గుర్తుపట్టేవాళ్లు తక్కువే. డాక్టరు గారి దగ్గర్నుంచి గేటు ముందు కొబ్బరిబోండాలు అమ్మే ముసలాయన దాకా అందరికీ ఆమె అక్కే. తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు అక్కా అని పిలిచినా కాదనేది కాదు.

సూర్యాపేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆమె ఆయా. నేను అక్కడే మందుల కౌంటర్‌లో ఫార్మసిస్టుని, కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. నేను చేరేనాటికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. పొట్టి మనిషి. నడుస్తుంటే కుడి భుజం ముందుకు వచ్చేది, జాతరలో జనాన్ని తోసుకుంటూ పోతున్నట్టు. ఖాళీ వరండాలో కూడా అలాగే నడిచేది.

వార్డులోకి రాగానే ఆమె పేషెంటు ముఖం చూసేది కాదు, పాదాలు చూసేది. దుప్పటి కొస ఎత్తి, రెండు బొటనవేళ్లూ అరచేతుల్లో పట్టుకుని ఒక్క క్షణం ఆగేది. చల్లగా తగిలితే ఏమీ అనకుండా వెళ్లి ఇంకో దుప్పటి తెచ్చి కప్పేది. చదివింది ఐదో తరగతే కానీ ఏ అక్షరం కనపడినా వదిలేది కాదు. మందుల అట్ట, గోడ మీద పోస్టరు, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క, ఏదైనా సరే, కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకే చదివేది. మధ్యలో ఎవరైనా పిలిస్తే వేలు అక్కడే ఉంచి తల మాత్రం తిప్పేది.

ఇంటికి వెళ్లేటప్పుడు చాయ్ తాగమని ఆయా చేతిలో ఎంతో కొంత పెట్టడం పేషెంట్లకు అలవాటు. అక్క తీసుకునేది. తీసుకుని, వాళ్ల సంచి భుజానికి అందిస్తూ, మీ ఊరి బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అడిగేది: "ఇల్లు ఎవరి పేరు మీదున్నది? నీ తర్వాత ఎవరికని రాసిపెట్టినవా?"

కొందరు నవ్వేసేవాళ్లు. కొందరు ఆడవాళ్లు మాత్రం ఆగిపోయి, మెల్లగా ఏదో అడిగి తెలుసుకునేవాళ్లు. ఒకసారి ఒక రిటైర్డు ఉద్యోగి, బతికి బయటపడి ఇంటికి పోతుంటే చావు కబుర్లేమిటని నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్లి ఫిర్యాదు చేశాడు. డాక్టరు గారు ఆమెను పిలిపించారు. నేను బిల్లు చూపించడానికి అప్పుడే అక్కడికి వెళ్లాను. అక్క తలవంచుకోలేదు, ఎదురు తిరగలేదు. "మీరు పోయేటోళ్లకు ఉప్పు తగ్గించుమని చెప్తరు గద సారూ. నేను ఇది చెప్తున్న. రెండూ ఇంటికి పోయినంక చేసేటియే" అంది. డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సరే వెళ్లు అన్నారు.

కానీ ఆమెకు ఒక నియమం ఉండేది. మంచం మీద ఉన్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తేది కాదు, ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు. కారణం నాకు ఒకసారి చెప్పింది. "పడకల ఉన్నోనికి చెప్తే భయపడ్తడు. ఇంటికి పోయేటోనికి చెప్తే కోపం చేస్తడు. కోపం అయితే ఏం కాదు చెల్లె. భయంల మాత్రం ఏదీ రాయొద్దు."

ఆ నియమం ఎంత గట్టిదో ఒక రోజు పొద్దున చూశాను. వేములపల్లి దిక్కు నుంచి ఒక పెద్ద రైతును తీసుకొచ్చారు. వరి కోతల రోజులు, పొలం గట్టు మీదే పడిపోయాడట. రెండు రోజులుగా తెలివి లేదు. మూడో రోజు పొద్దున డాక్టరు గారు ఇంకా రాకముందే పెద్దకొడుకు ఒక కాగితం, సిరా పెట్టె పట్టుకుని వార్డులోకి వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు. అక్క అప్పుడు ఆ రైతుకు తడిగుడ్డతో చేతులు తుడుస్తోంది. విషయం అర్థమయ్యాక ఆమె గుడ్డ పక్కన పెట్టింది. ఆయన ఎడమ చేతి బొటనవేలిని తన పిడికిట్లో పట్టుకుని మంచం అంచు మీద కూర్చుంది. వదలమని ఆ కొడుకు ఒకటికి రెండుసార్లు అడిగాడు. గొంతు పెంచాడు. నేను కౌంటర్ వదిలి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఈ ఏలికి పట్టు లేదు బిడ్డా" అంది అక్క, చాలా మెల్లగా. "ఇప్పుడు ముద్ర ఏపిస్తే అది మీ నాయిన మాట కాదు, నీ మాట. రేపు లేచి కూసుంటే ఆయన ముఖం ఎట్ల సూస్తవ్?"

అతను దుర్మార్గుడేమీ కాదు. భయపడ్డ మనిషి. తమ్ముడితో ఏవో తగాదాలున్నాయని తర్వాత తెలిసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోడకు తిరిగి ఏడ్చాడు. అక్క మాత్రం డాక్టరు గారు వచ్చేదాకా ఆ వేలు వదల్లేదు.

ఆ రైతు బతికాడు. పది రోజుల తర్వాత కొడుకు భుజం పట్టుకుని నడుచుకుంటూ వెళ్తుంటే అక్క అలవాటు ప్రకారం సంచి అందిస్తూ అదే ప్రశ్న అడిగింది. జరిగిన సంగతి ఒక్క ముక్క కూడా బయటపెట్టలేదు. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. నెల తిరక్కుండా ఆ రైతు మళ్లీ చూపించుకోవడానికి వచ్చి, నేరుగా అక్క దగ్గరికే వెళ్లి, ఇద్దరు కొడుకులనూ కూర్చోబెట్టి, వాళ్లు వింటుండగానే రాయించానని చెప్పాడు. అక్క మొదట ఆయన బీపీ ఎంతుందో అడిగింది.

అంతలా ఆమెకు ఈ సంగతి ఎందుకు పట్టిందో మొదటి రెండేళ్లు నేను అడగలేదు. మధ్యాహ్నం పూట మెట్ల మీద మూడో మెట్టు ఆమెది, రెండో మెట్టు నాది. డబ్బా తెరిచి ముందు ఎదుటివాళ్ల కూర రుచి చూశాకే తనది తినేది. అలా తింటూ ఒక రోజు తనే చెప్పింది, ఎవరి కథో చెబుతున్నట్టు.

ఆమెది గొర్రెలు కాచుకునే కుటుంబం. నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి మంద వెంట ఊళ్లు తిరిగే మనిషి, పిల్లను ఎక్కడ ఉంచుతాడు? మిర్యాలగూడలో చనిపోయిన తల్లికి ఒక స్నేహితురాలు ఉండేది. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు, భర్త వదిలిపోయిన పిండి గిర్ని నడుపుకునేది. ఆమె ఈ పిల్లను తెచ్చి సాదుకుంది. పదేళ్ల వయసు నుంచే అక్క గిర్నిలో జొన్నలు పోసేది, పిండి పట్టేది. పెళ్లి కూడా ఆ గిర్ని తల్లే చేసింది. పెళ్లయిన రెండేళ్లకే భర్త చనిపోతే మళ్లీ ఆ గిర్నికే వచ్చింది. సాయంత్రం బెల్టు ఆపాక ఆ తల్లి పిండి అంటిన చేత్తోనే ఈమె తల నిమిరి, "ఇదంత నీదే బిడ్డా" అనేదట. రోజూ అనేది. ఇరుగుపొరుగు అందరూ విన్నారు.

ఒక మధ్యాహ్నం ఆ తల్లి అన్నం ముందు కూర్చుని కూర్చున్నట్టే ఒరిగిపోయింది. దినాలయ్యాక ఆమె భర్త తరఫు వాళ్లు వచ్చారు. గిర్ని, వెనకున్న రెండు గదులు చట్టప్రకారం వాళ్లకే వెళ్తాయి. దత్తత కాగితం లేదు, వీలునామా లేదు. ఇరుగుపొరుగు విన్న మాటకు విలువ లేదు. అక్క ఒక రేకు పెట్టె పట్టుకుని రోడ్డు మీద నిలబడింది.

వాళ్లను నేను తిట్టాను. అక్క ఒప్పుకోలేదు. "వాళ్ల తప్పేమున్నది? కాయితం ప్రకారం నేను ఎవరిని చెప్పు. అమ్మకు నా మీద పాణం. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నది. మంచిగున్నోళ్లకు రేపు ఉంటదని మస్తు నమ్మకం గద." ఇంత చెప్పి, డబ్బా మూత పెట్టేసింది.

సూర్యాపేటకు వచ్చి ఆయాగా చేరి, ఇరవై ఏళ్లు కూడబెట్టుకుని, ఊరి చివర అరవై గజాల్లో రెండు గదులు వేసుకుంది. ఆ ఇంట్లో ఆమెతో పాటు జమ్లి ఉండేది. జమ్లిది సాగర్ దిక్కు ఒక తండా. భర్తను మా నర్సింగ్ హోమ్‌కే తీసుకొచ్చింది, నెల రోజులున్నా అతను దక్కలేదు. అతన్ని సాగనంపి వచ్చాక ఆమె తండాకు పోలేక, ఇక్కడ ఉండలేక వరండాలో కూర్చుంటే అక్క వెళ్లి ఆమె పాదాలు పట్టుకుని చూసిందట. మా ఇంటికి రా, రెండు రోజులుండి పో అంది. ఆ రెండు రోజులు పదకొండేళ్లయ్యాయి. జమ్లి కూడా మా దగ్గరే బట్టలు ఉతికే పనిలో కుదిరింది. మాటలు తక్కువ. ఫోన్లో తండా వాళ్లతో లంబాడీలో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె గొంతు వేరేగా, హుషారుగా ఉండేది. అక్క ఆ భాషలో ఒక్క మాటే నేర్చుకుంది, అన్నం తిన్నావా అన్న మాట. దాన్ని తప్పుగా పలికేది. జమ్లి ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క నన్ను ఇంటికి రమ్మంది. వెళ్లేసరికి డాక్టరు గారు కూడా అక్కడ ఉన్నారు, మంచం మీద బిగుసుకుని కూర్చుని చాయ్ తాగుతున్నారు. జమ్లిని గోరుచిక్కుళ్లు తెమ్మని బజారుకు పంపింది. ఎవరికి రాస్తున్నామో ఆ మనిషి రాసే చోట ఉండకూడదని ఆమె పట్టుదల. నా ముందు తెల్లకాగితాలు, పెన్ను పెట్టింది. స్టాంపు కాగితమే అక్కర్లేదని, ఇద్దరు సాక్షులు చాలని, ఒకప్పుడు మా దగ్గర వైద్యం చేయించుకున్న ఒక వకీలు గుమాస్తాను అడిగి ముందే తెలుసుకుంది. ఆరోగ్యంగా తిరుగుతున్నావు, ఇప్పుడు తొందరేమొచ్చిందని నేను అడిగాను. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు, పొద్దున్నే నాలుగు బకెట్ల బట్టలు పిండి ఆరేసి వచ్చింది.

"మంచిగున్న గనుకనే" అంది. "రేపు సారు నాకు తెలివి ఉన్నదని చెప్పాలె గద. ఉన్నప్పుడే సూడనీ."

రాయడం మొదలుపెట్టగానే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం. ఫలానా వారి భార్య అని రాయాలా, ఫలానా వారి కూతురు అని రాయాలా అని అడిగాను. కూతురు అని రాయమంది. తండ్రి పేరు చెప్పమన్నాను. ఆమె చెప్పింది తండ్రి పేరు కాదు, గిర్ని తల్లి పేరు.

చట్టానికి అది చెల్లుతుందో లేదోనని నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయనకూ తెలియదు. అక్క వేలు కాగితం మీద పెట్టి, నేను ఇంకా రాయని చోటు చూపించింది. "నాయిన పేరు కూడ రాయి, ఇడిచిపెట్టకు. గని ముందుగాల ఆమె పేరు రాయి. నన్ను సాదుకున్న అమ్మ అని రాయి. నా దగ్గర ఆమెది ఒక్క కాయితం లేదు చెల్లె. ఇదొక్కటన్న ఉండనీ."

రాశాను. కింద అట్ట లేక ఆ పేరులో ఒక అక్షరం వంకరపోయింది. ఇంకో కాగితం తీసుకుంటానంటే ఆమె వద్దంది. వేలు పెట్టి ఆ పేరును పైకి చదివింది. ఒకసారి కాదు, మూడుసార్లు. డాక్టరు గారు ఖాళీ కప్పును మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నారు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఇల్లు, సామానుతో సహా, జమ్లికి. భర్త చేతి గడియారం ఆయన తమ్ముడి కొడుక్కి. ఈ అబ్బాయి మేళ్లచెరువు దగ్గర సిమెంటు లారీ నడుపుతాడు, పండక్కో పబ్బానికో వచ్చి పెద్దమ్మా అని పలకరించి పోయేవాడు. వీలునామా లేకపోతే ఇల్లు అతని వైపు వాళ్లకే వెళ్తుంది. అందుకే అక్క అతని గురించి విడిగా ఒక వాక్యం రాయించింది: "మా మరిది కొడుక్కి సొంత ఇల్లు ఉన్నందున ఇది జమ్లికి రాసితిని గాని, అతని మీద నాకు ఎటువంటి కోపం లేదు." అది ఎందుకని అడిగితే, పేరే లేకుంటే మరిచిపోయానని అనుకుంటాడని, పేరుండి కారణం లేకుంటే కోపమని అనుకుంటాడని చెప్పింది. చెవి కమ్మలు నా పేర రాయమంటే నేను ఒప్పుకోలేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఏమీ రాయకపోవడమే మంచిది. ఆమె కాసేపు ముఖం ముడుచుకుంది. తర్వాత ఎప్పుడో, ఏ పండగా కాని ఒక రోజు, కౌంటర్ మీద ఆ కమ్మలున్న చిన్న పొట్లం పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి వారం ముగ్గురం రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాం. రిజిస్టరు చేయించకపోయినా చెల్లుతుందని గుమాస్తా చెప్పాడు కానీ ఆమెకు మనసొప్పలేదు. కొత్త చీర కట్టుకుంది. ఎవరైనా బలవంతం చేసి రాయించారా అని అధికారి అడిగితే, "బలవంతం నేనే చేసిన సారూ, వీళ్లిద్దర్ని" అని మమ్మల్ని చూపించింది.

ఏడాది తిరిగేసరికి నేను కూడా నా వీలునామా రాశాను. నలభై ఏళ్లకే ఏమిటిదని మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనదీ రాస్తానని కాగితాలు అడిగాడు. ఈ సంగతి చెబితే అక్క నవ్వి, ఇప్పుడు ఇద్దరూ హాయిగా కొట్లాడుకోవచ్చని అంది.

ఆ తర్వాత నేను కోదాడలోనే మందుల షాపు పెట్టుకుని ఉద్యోగం మానేశాను. అక్క పోయిన కబురు జమ్లి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున వార్డులో ఎవరికో దుప్పటి కప్పి, లేవబోయి కూలబడిందట. అంతే. యాభై తొమ్మిదేళ్లు.

అంత్యక్రియలు మరిది కొడుకే చేశాడు. దినాలయ్యాక అతని వైపు పెద్దలు ముందుగదిలో కూర్చున్నారు. అక్క పెట్టెలో ఉన్న వీలునామాను అందరి ముందు డాక్టరు గారు చదివారు. ఇల్లు జమ్లికి అనగానే ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఎక్కడి తండా, ఎక్కడి మనిషి, ఏ వరసని ఇల్లు తీసుకుంటుందని అడిగాడు. డాక్టరు గారు సర్ది చెప్పబోయారు. అప్పటిదాకా తలుపు చాటున ఉన్న జమ్లి ముందుకొచ్చి, నాకు ఇల్లు వద్దు అని ఒక్క మాట అంది. మర్నాడు పొద్దున తాళంచెవిని మరిది కొడుకు చేతిలో పెట్టి, తన బట్టల సంచితో మిర్యాలగూడ బస్సెక్కి తండాకు వెళ్లిపోయింది.

కాగితం ఉంది, సంతకాలున్నాయి, రిజిస్టరు అయింది. అయినా అక్కను చేసినట్టే జమ్లిని కూడా రోడ్డు మీదికి తెచ్చామని నాకనిపించింది. ఫోన్ చేస్తే జమ్లి ఎత్తేది కాదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం మా షాపు ముందు అక్క మరిది కొడుకు నిలబడి ఉన్నాడు. లారీ హైవే మీద ఆపి నడిచి వచ్చాడు. ఒంటి మీద సిమెంటు దుమ్ము. మణికట్టుకు ఆ పాత గడియారం ఉంది, నడవడం లేదు. మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ కాయితం జిరాక్సు తీస్కొని నాలుగుసార్లు సదివిన మేడం" అన్నాడు. "కోపం లేదని రాసింది పెద్దమ్మ. ఆమెకు లేని కోపం మావోళ్లకెందుకు? తాళంచెవి నా తాన ఉంటే నిద్ర పడ్తలేదు. మీరు వస్తే ఆ తండాకు పోయొద్దాం."

వాళ్ల పెద్దలు ఏమంటారని అడిగాను. వాళ్లకు తను చెప్పుకుంటానన్నాడు. చెప్పాడు కూడా. ఆ గొడవ కొన్నాళ్లు సాగిందని తర్వాత తెలిసింది, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

మరుసటి శుక్రవారం ఇద్దరం వెళ్లాం. జమ్లి వాళ్ల అన్న చేలో పత్తి ఏరుతోంది. మమ్మల్ని చూసి ఒడిలోని పత్తి గట్టు మీద కుమ్మరించి వచ్చింది. పదిహేను రోజుల్లోనే చిక్కిపోయింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఇల్లు కోసం ఉన్ననా అమ్మా నేను?" అంది. "నలుగురు గట్లనే అనుకుంటరు. ఆమె లేని ఇంట్ల నాకేం పని?"

అక్క తనను సాదిన తల్లి గురించి చెప్పిన సంగతి గుర్తొచ్చి, అదే చెప్పాను. ఆ తల్లి రోజూ నోటితో చెప్పింది, రాయలేదు. ఈమె రాసింది. "నువ్వు తీసుకోకపోతే ఈమె రాసినా రాయనట్టే జమ్లీ" అన్నాను.

జమ్లి చేల వైపు తిరిగి నిలబడింది. అప్పుడు ఆ అబ్బాయి జేబులోంచి తాళంచెవి తీసి గట్టు మీద, పత్తి పక్కన పెట్టాడు. పదకొండేళ్లుగా ఆ ఇంటికి వచ్చిపోతున్నా అతను జమ్లిని ఏ వరసతోనూ పిలవలేదు. పిలవాల్సి వస్తే ఇదిగో అనేవాడు.

"చిన్నమ్మా" అన్నాడు. "నేను లోడు తీస్కొని సూర్యాపేట మీదికెళ్లే పోతుంట. ఇంటి ముందట ఆగి మంచినీళ్లు అడుగుతె ఇచ్చేటోళ్లు ఉండాలె గద."

జమ్లి వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక తాళంచెవిని చూడలేదు, అతని ముఖం చూసింది. అన్నం తిన్నారా అని మమ్మల్ని అడిగింది. తినలేదంటే ఇంట్లోకి తీసుకెళ్లి జొన్నరొట్టెలు చేసి పెట్టింది. తిని లేచేసరికి సంచి సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది.

ఇంటిపన్ను జమ్లి పేరు మీదికి మార్పించడానికి ఆ నెలలోనే మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాం. దరఖాస్తు నేను నింపాను. చనిపోయినవారితో సంబంధం అన్న గడి దగ్గర నాకు ఏం రాయాలో తెలియలేదు. జమ్లిని అడిగితే ఆమె ముఖం మాడిపోయింది. ఆ గడి ఖాళీగా వదిలి కిటికీలోంచి లోపలికిచ్చాను. గుమాస్తా పాతికేళ్ల ఆడపిల్ల. దరఖాస్తు చూసి, వీలునామా చూసి, తలెత్తింది. జమ్లి కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది.

"సంబంధం రాయలేదేందమ్మా అని అడుగుతరు లోపల" అంది ఆ పిల్ల. మళ్లీ వీలునామా మొదటి పేజీ తిప్పి చదివింది. "ఏం కాదులే. వారసులకైతే వరస కావాలె. ఇది ఆమె ఇష్టంతోని రాసింది. నీ పేరున్నది, సాలు."

జమ్లికి అర్థం కానట్టుంది, నా వైపు చూసింది. నేను మళ్లీ నెమ్మదిగా చెప్పాను. విన్నాక ఆమె చువ్వ వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది. లైనులో మా వెనకున్నవాళ్లు ముందుకు జరిగారు. గుమాస్తా పిల్ల రసీదు మీద ముద్ర వేసి, జమ్లి పేరు పిలిచింది. ఒకసారి పిలిస్తే ఆమెకు వినపడలేదు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచింది. జమ్లి కళ్లు తుడుచుకుని లేచి, వస్తున్నానంటూ కిటికీ దగ్గరికి నడిచింది.